సభ్యత్వం లేని సంఘానికి చరిత్ర రాస్తున్నాను: మన వైపు పాత మెథడిస్టు చర్చి ఎందుకు లేదు?

ధారూర్_బాబు
నేను వికారాబాద్ వైపు పుట్టి పెరిగిన మెథడిస్టును. ఏటా నవంబరులో ధారూరులో జరిగే క్రైస్తవ జాతరకు మా ఇంటిల్లిపాదీ వెళ్లడం మా తాతగారి కాలం నుంచి ఆనవాయితీ. ఉద్యోగరీత్యా కనిగిరి వైపు ఒక చిన్న టౌనుకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. ఊళ్లో ఉన్న పాత చర్చి ఒక్కటే, అది బాప్టిస్టు సంఘం. ఆదివారం ఆరాధనకు వెళతాను, చందా కడతాను, కోత పండుగకు పని చేస్తాను. అయినా నాకు పూర్తి సభ్యత్వం ఇవ్వలేదు. పసితనంలో చిలకరింపుతో ఇచ్చిన బాప్తిస్మం చెల్లదనీ, నీళ్లలో మునిగి మళ్లీ తీసుకోవాలనీ సంఘ పెద్దలు చెప్పారు. మా అమ్మానాన్నల విశ్వాసం మీద నాకు జరిగిన బాప్తిస్మాన్ని రద్దు చేసుకోవడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు.

ఇంతలో అదే పెద్దలు, నాకు కంప్యూటరులో తెలుగు టైపు చేయడం వచ్చని తెలిసి, వార్షికోత్సవానికి మన సంఘ చరిత్ర రాసి పెట్టమని అడిగారు. సభ్యుడిగా పనికిరాని వాడు చరిత్రకారుడిగా పనికివస్తాడా అని మా ఆవిడ నవ్వుతోంది. రాయడానికి ఒప్పుకున్నాను గానీ మొదటి పేజీలోనే ఆగిపోయాను. తెలంగాణలో మెథడిస్టు చర్చి లేని తాలూకా కేంద్రం మా వైపు అరుదు. మరి ఒంగోలు నుంచి నెల్లూరు దాకా నాకు ఒక్క పాత మెథడిస్టు సంఘమైనా ఎందుకు కనిపించలేదు? తెలిసినవారు చెప్పగలరు.

సూళ్లూరుపేట_లూథర్
సభ్యుడు కాని వాడు రాస్తేనే చరిత్ర నిష్పక్షపాతంగా ఉంటుంది. మీ పెద్దలు తెలివైనవారు.

కనిగిరి_మాస్టారు
బాబు గారి ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పాలంటే, మెథడిస్టులు బయలుదేరేసరికి ఈ నేల మీద ఇంకొకరు పాతికేళ్లకు పైగా కూర్చుని ఉన్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో ఇండియాకు వచ్చి, విశాఖపట్నం, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. అమెరికన్ మెథడిస్టులు హైదరాబాదు, సికింద్రాబాదులలో పని మొదలుపెట్టింది 1870లలోనే. ఆపాటికి తెలుగు దేశాన్ని మిషన్లు కొంత రాతపూర్వకంగా, కొంత మాట మీద పంచుకున్నాయి. ఒక మిషన్ పని చేస్తున్న తాలూకాలోకి ఇంకొక మిషన్ దిగకూడదన్నది మర్యాద. నెల్లూరు, ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి, మార్కాపురం, ఉదయగిరి అమెరికన్ బాప్టిస్టులవి. గుంటూరు లూథరన్లది, కడప లండన్ మిషన్‌ది, మచిలీపట్నం, ఏలూరు ఆంగ్లికన్లవి, కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టులవి. నైజాంలో మెదక్ వైపు ఇంగ్లీషు వెస్లియన్లు, వికారాబాద్, బీదర్ వైపు అమెరికన్ మెథడిస్టులు.

కాబట్టి మన తాతలు బాప్టిస్టులైంది బాప్తిస్మ సిద్ధాంతాలను తూచి చూసుకుని కాదు. వాళ్ల పల్లెకు గుర్రం మీదో ఎద్దుబండి మీదో మొదట చేరిన మనిషి ఎవరైతే, వాళ్లు ఆ మిషన్‌వారయ్యారు. అదే కుటుంబం మంజీర ఒడ్డున ఉండి ఉంటే మెథడిస్టులై ఉండేవారు. చరిత్ర మొదటి పేజీలో ఈ మాటే రాయండి, మీ పెద్దలకు రుచించినా రుచించకపోయినా.

సూళ్లూరుపేట_లూథర్
మాస్టారూ, జిల్లా దక్షిణ భాగాన్ని మరిచిపోయారు. నాయుడుపేట, సూళ్లూరుపేట, గూడూరు, వెంకటగిరి వైపు పని చేసింది జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్లు. 1865లో వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మనులు శత్రుదేశస్థులై వెళ్లిపోవలసి వచ్చింది, పనిని అమెరికాలోని ఒహాయో లూథరన్లు అందుకున్నారు. మా తాత దొర మారాడని తెలుసుకునేసరికి పాటలు మారాయట. నెల్లూరు జిల్లా అంతా బాప్టిస్టుల సొత్తన్నట్టు రాయకండి.

కనిగిరి_మాస్టారు
సవరణ న్యాయమైనదే. పంపకం గీత గీసినంత తిన్నగా కూడా లేదు. నరసరావుపేట, బాపట్ల వైపు లూథరన్లూ బాప్టిస్టులూ ఇద్దరూ ఉన్నారు, అక్కడ రెండు మిషన్ల మధ్య మాటామాటా వచ్చిన సందర్భాలున్నాయి.

కావలి_రోడ్డు
మెదక్‌లో అంత పెద్ద చర్చి కట్టింది మెథడిస్టులే కదా? మరి అది సీఎస్‌ఐ అంటారేమిటి?

ధారూర్_బాబు
మెదక్ వారు ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులు. పోస్నెట్ దొర 1914లో మొదలుపెట్టి కరువు రోజుల్లో జనానికి కూలి దొరికేలా కట్టించిన చర్చి అది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడినప్పుడు ఆ వెస్లియన్లు, ఆంగ్లికన్లు, లండన్ మిషన్‌వారు అందులో కలిసిపోయారు. అమెరికన్ మెథడిస్టులమైన మేము కలవలేదు, 1981లో ఇండియాలోనే స్వతంత్ర సంఘమయ్యాము. అందుకే మెదక్ వారు సీఎస్‌ఐ, మేము ఇంకా మెథడిస్టులం. ఇక్కడి బాప్టిస్టులూ ఆ కలయికలో చేరలేదు.

పల్లె_పాస్టరు
బాబు గారి బాధ అర్థమైంది. అయితే పెద్దల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. బాప్టిస్టు సంఘంలో బాప్తిస్మం అంటే మనిషి తన నోటితో విశ్వాసాన్ని ఒప్పుకుని, తన కాళ్లతో నీళ్లలోకి దిగడం. పసిబిడ్డ ఒప్పుకోలేడు గనుక అది బాప్తిస్మం కాదన్నది మా పూర్వుల నుంచి వస్తున్న నమ్మకం. ఇది మీ అమ్మానాన్నలను తక్కువ చేయడం కాదు. ఇక్కడ ఇంకొక సంగతి ఉంది. బాప్టిస్టులలో ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద. పైన బిషపు లేడు, ఉత్తర్వు ఇచ్చే వారు లేరు. మీ ఊరి సంఘం ఒప్పుకోకపోతే పక్క ఊరి సంఘం ఒప్పుకోవచ్చు. కొన్ని సంఘాలు చిలకరింపు పొందిన వారిని సహ సభ్యులుగా చేర్చుకుని ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారంలో) పాలుపంచుకోనిస్తున్నాయి.

ధారూర్_బాబు
అయ్యగారూ, ప్రభువు బల్ల దగ్గర నన్ను ఎవరూ ఆపలేదు. సంఘ సమావేశంలో చెయ్యి ఎత్తబోతేనే ఆపారు.

సూళ్లూరుపేట_లూథర్
అంటే పరలోకానికి అర్హులే గానీ కమిటీకి అర్హులు కారు.

పాత_రికార్డు
చర్చ బాప్తిస్మం మీదకు పోతోంది, చరిత్ర రాయడానికి వస్తాను. బాబు గారూ, మెథడిస్టు సంఘ చరిత్ర రాయడం కన్నా బాప్టిస్టు సంఘ చరిత్ర రాయడం కష్టం, కారణం పల్లె పాస్టరు గారు చెప్పిందే. మెథడిస్టులలో పాస్టర్లను ఏటా కాన్ఫరెన్సులో నియమిస్తారు. ఆ కాన్ఫరెన్సు మినిట్సులో ఏ సంవత్సరం ఏ సర్కిటుకు (ఒక పాస్టరు కింద ఉండే చర్చిల పరిధికి) ఎవరు వెళ్లారో అచ్చయి ఉంటుంది. మీ వికారాబాద్ చర్చి పాస్టర్ల జాబితా కావాలంటే ఒక బీరువా తెరిస్తే చాలు. బాప్టిస్టులలో పాస్టరును సంఘమే పిలుచుకుంటుంది, సంఘమే పంపించేస్తుంది. ఆ రికార్డు సంఘ మినిట్సు పుస్తకంలోనే ఉంటుంది. ఆ పుస్తకం పెద్దగారి ఇంట్లో ఉంటుంది, పెద్దగారు పోయాక ఆయన కోడలి పెట్టెలో ఉంటుంది.

మిషనరీల కాలానికి మాత్రం ఆధారాలు ఉన్నాయి. ఒక్కొక్క స్టేషన్ నుంచి మిషనరీ ఏటా పంపిన నివేదికలు మిషన్ పత్రికలో అచ్చయ్యేవి. 19వ శతాబ్దపు సంచికలు చాలావరకు ఇంటర్‌నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. అసలు ఉత్తరాలు అమెరికాలో, అట్లాంటా నగరంలోని బాప్టిస్టు చరిత్ర గ్రంథాలయంలో ఉన్నాయి. వెతికేటప్పుడు ఊరి పేరుకు నాలుగైదు స్పెల్లింగులు ప్రయత్నించండి, దొరలు చెవికి వినబడినట్టు రాసుకున్నారు.

జిల్లా పేరు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది, తరువాత గుంటూరు జిల్లాకు పోయింది. కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి 1970 దాకా నెల్లూరులోనే ఉన్నాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాకు వెళ్లింది. రామాయపట్నంలో ఉన్న బాప్టిస్టు వేదపాఠశాల కాగితాల కోసం ఒక జిల్లా కచేరీలో అడిగితే ఇంకొక జిల్లాకు పొమ్మంటారు.

కందుకూరు_కుర్రాడు
మేము ఎక్కడికీ కదల్లేదు, జిల్లాలే మా మీదుగా తిరుగుతున్నాయి.

పొదిలి_పిల్ల
మా అమ్మమ్మ బైబిలు స్త్రీ. ఆ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. మిషన్‌వారు నెలజీతం ఇచ్చి ఊళ్లకు పంపే ఆడ బోధకులు వాళ్లు. మగ ఉపదేశి గడప దాటి లోపలికి వెళ్లలేని ఇళ్లకు వీళ్లు వెళ్లి, ఆడవాళ్లకు అక్షరాలు నేర్పుతూ కథలు చెప్పేవారు. మా అమ్మమ్మ భుజాన గుడ్డసంచి, అందులో ఒక పాటల పుస్తకం, రంగు బొమ్మల చుట్ట, కంటికి వేసే మందు సీసా ఉండేవట. సంఘ చరిత్రలు ఎన్ని చూసినా దొర ఫొటో, దొరసాని ఫొటో, తరువాత పాస్టర్ల ఫొటోలు వరుసగా ఉంటాయి. బైబిలు స్త్రీల పేర్లు ఎక్కడా ఉండవు. బాబు గారూ, మీ ఊళ్లో తొంభై దాటిన ఆడవాళ్లెవరైనా ఉంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. అట్లాంటా ఎక్కడికీ పోదు.

ఎర్రనేల
పొదిలి అమ్మాయి అన్నదానికి నేను ఇంకొంచెం కలుపుతాను. ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన పేర్లన్నీ దొరల పేర్లే. ఒంగోలు వైపు మాదిగలు వేలుగా బాప్టిస్టులైన ఉద్యమాన్ని నడిపింది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర అని అందరూ రాస్తారు. క్లౌ 1866లో ఒంగోలు వచ్చే సమయానికే తాళ్ల కొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద దారి వెతుకుతూ ఉన్నాడు. ఆయన తోళ్ల వ్యాపారం చేసేవాడు, అంతకు ముందు రాజయోగ మార్గంలో గురువు దగ్గర ఉపదేశం పొందినవాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల బోధ విని, ఇంటికి వచ్చి భార్య నాగమ్మకు చెప్పాడు. దొర ఆయన ఊరికి వెళ్లేటప్పటికి అక్కడ వినడానికి జనం సిద్ధంగా ఉన్నారు. ఆ తరువాత ఊరూరా తిరిగింది ఆయనే. చెప్పులు కుట్టే పని మీద మాదిగలకు ఊరూరా చుట్టరికాలున్నాయి, వార్త ఆ చుట్టరికాల వెంట నడిచింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. పదేళ్లు తిరగకుండా వేలకు పెరగడం ఒక దొర గుర్రం మీద తిరిగితే అయ్యే పని కాదు.

బాప్తిస్మానికి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి మత నియమాల్లా ఉన్నాయి గానీ, పల్లెలో మాదిగవాడికి ఈ మూడూ ఊరి మీద తిరుగుబాటే. ఆదివారం పనికి రానంటే రెడ్డికి కోపం. చచ్చిన పశువును తినం అంటే మా పశువును మరెవరు ఈడుస్తారని కోపం. జాతరకు డప్పు కొట్టం అంటే కరణం, మునసబు, పూజారి ముగ్గురికీ కోపం. బావి దగ్గరకు రానివ్వలేదు, కళ్లంలో రావలసిన గింజలు ఆపేశారు. ఆ దెబ్బలు తిన్న వాళ్ల చరిత్ర రాయండి, బంగళా ఎన్ని గదులో తరువాత రాయవచ్చు.

నిజం_చెప్తా
అంత వీరగాథ ఎందుకు? కరువులో గంజి పోశారు, జనం మతం మారారు. మా ఊళ్లో ఇప్పటికీ ఆ మాటే అంటారు.

గుండ్లకమ్మ_గట్టు
ఈ మాట అనేవారు తేదీలు చూడాలి. ధాత కరువు 1876 నుంచి 1878 దాకా ఉంది. క్లౌ చిన్నప్పుడు సర్వే పని నేర్చుకున్న మనిషి కావడం వల్ల, సర్కారు తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని, రాజుపాలెం దగ్గర మకాం పెట్టించాడు. మట్టి తవ్వి కూలి తీసుకున్నారు, ఊరికే గంజి తాగలేదు. అక్కడ పని మాదిగలకే కాదు, అన్ని కులాలవారికీ దొరికింది. మధ్యాహ్నం విరామంలో ఉపదేశులు జనం మధ్య కూర్చుని మాట్లాడేవారన్నది నిజమే. అయితే కరువు పని నడిచినన్నాళ్లూ, సంవత్సరానికి పైగా, క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట వస్తుందని ఆయనకు అప్పుడే తెలుసు. కాలువ పనీ సాయమూ ముగిశాక, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని కబురు పంపిన తరువాత కూడా జనం వచ్చారు.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. నీళ్లలో నిలబడి ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు దిగి అలసిపోతే ఇంకొక ఇద్దరు దిగేవారు. ఎర్రనేల గారు చెప్పిన విషయానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

నిజం_చెప్తా
సాయం ఆగిన తరువాత వచ్చారన్నది ఒప్పుకుంటాను. అయితే మళ్లీ కరువు వస్తే ఆదుకునే వాడు ఉన్నాడన్న ఆశ ఉండదా? ఆకలి తెలిసిన మనిషికి ఆ లెక్క ఉండడం తప్పని నేను అనడం లేదు.

ఎర్రనేల
ఇప్పుడు అన్న మాట సరైనది. రెడ్డిగారి నీడన ఉంటే కళ్లంలో నాలుగు గింజలు దొరుకుతాయని లెక్క వేసుకోవడాన్ని ఎవరూ ఆక్షేపించరు. దొర నీడకు వెళితేనే అది అమ్ముడుపోవడం అవుతుంది.

నెల్లూరు_లెక్చరర్
చిన్న విషయం. అసలు ఈ నెల్లూరు బాప్టిస్టు మిషన్ రెండు మూడు సార్లు మూతపడవలసింది. 1848లోనూ, 1853లోనూ నెల్లూరు నుంచి ఫలితం లేదు, డబ్బు వృథా అని అమెరికాలో వాదన వచ్చింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో పటం మీద నెల్లూరు ఒంటరి నక్షత్రంలా ఉందని ఎవరో అన్నారట. ఆ రాత్రి శామ్యూల్ స్మిత్ అనే ఆయన దాని మీద ఒక పద్యం రాసి మరునాడు చదివించాడు. నెల్లూరును విడిచిపెట్టకూడదని తేలింది. మరుసటి సంవత్సరం 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ జువెట్ దంపతులు, నెల్లూరు జూలియా, మరికొందరు తెలుగువారు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు.

ధారూర్_బాబు
ఆ పద్యం బాగా కుదరక 1853లో మూసేసి ఉంటే, నా సభ్యత్వ సమస్య పుట్టేది కాదేమో.

కనిగిరి_మాస్టారు
మెథడిస్టులు వచ్చేవారని నమ్మకం లేదు. కడప నుంచి లండన్ మిషన్‌వారో, గుంటూరు లూథరన్లో కనిగిరి దాకా వచ్చేవారు. అప్పుడు మీకు చిలకరింపు బాధ ఉండేది కాదు గానీ, ఇంకొక బాధ ఏదైనా ఉండేది.

ధారూర్_బాబు
ఒక చిక్కు వచ్చింది. పాత_రికార్డు గారు చెప్పినట్టే సంఘ రిజిస్టరు ఒక పెద్దగారి కోడలి దగ్గర దొరికింది. తోలు అట్ట, లోపల చేతితో గీసిన గడులు. వరుస నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, పల్లె, బాప్తిస్మం తేదీ, చివర రిమార్కుల గడి. సిరా తిని కొన్ని చోట్ల అక్షరం ఉన్న చోట కాగితానికి చిల్లి పడింది. రిమార్కులలో ‘రంగూన్ పోయెను’, ‘మరణము’, ‘తప్పుడు నడవడి, నిలిపివేయబడెను’, కొన్నాళ్లకు ‘తిరిగి చేర్చుకొనబడెను’ అని ఉన్నాయి. ఒక పేజీలో ఒకే పల్లెకు చెందిన వాళ్లు వరుసగా ఉన్నారు, అందరి తేదీ ఒక్కటే. దీన్ని యథాతథంగా పుస్తకం చివర అచ్చు వేద్దామని నేను ఉత్సాహపడ్డాను. పెద్దలు ఒక్క గొంతుతో వద్దన్నారు. కారణం మాత్రం చెప్పలేదు.

కావలి_రోడ్డు
కారణం మీకు తెలియకపోవడం ఆశ్చర్యం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడికి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు, దానికి ఒక్క శాతం రిజర్వేషను. అందుకని ఎన్నో కుటుంబాలలో చర్చి రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకొక పేరు, సర్టిఫికెట్టులో హిందూ అని ఉంటుంది. మీరు ఇంటిపేర్లతో సహా అచ్చు వేస్తే, రేపు ఎవరి ఉద్యోగం మీదో, ఏ సర్పంచి పదవి మీదో పిటిషను వేసేవాడికి మీ పుస్తకమే సాక్ష్యం అవుతుంది.

నిజం_చెప్తా
చట్టం ఒకటి ఉన్నప్పుడు దాన్ని దాటి రెండు పేర్లు పెట్టుకోవడం తప్పు కాదా?

ఎర్రనేల
మతం మారినా ఊరి చివర ఉన్న ఇల్లు ఊరి మధ్యకు రాలేదు. హోటలులో గ్లాసు మారలేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వును సవరించారు, క్రైస్తవులకు సవరించలేదు. తప్పు ఎవరిదో చర్చించడానికి వేరే చోటు ఉంది. ఇక్కడ ప్రశ్న బాబు గారు పేర్లు అచ్చు వేయాలా వద్దా అన్నదే.

పొదిలి_పిల్ల
పేర్లు తీసేస్తే చరిత్రలో మిగిలేది మళ్లీ దొరలే కదా? ‘ఆ రోజున పలువురు బాప్తిస్మం పొందిరి’ అని రాస్తే మా అమ్మమ్మ ఆ ‘పలువురు’లో మునిగిపోతుంది.

కావలి_రోడ్డు
అమ్మా, మీ బాధ నిజమే. మీ అమ్మమ్మ మనుమడి ఉద్యోగమూ నిజమే.

పాత_రికార్డు
మధ్యస్థంగా ఒక దారి ఉంది. రిజిస్టరును ప్రతి పేజీ ఫొటో తీసి సంఘం బీరువాలోనే భద్రపరచండి, అచ్చు వేయకండి. పుస్తకంలో మొదటి తరం వాళ్లను ఇంటిపేరు లేకుండా, ఆనాటి పేరుతో, పల్లె పేరుతో రాయండి. ఆ రోజుల్లో పల్లెలో వాళ్లను పిలిచిందీ అలాగే. బైబిలు స్త్రీలు, ఉపదేశులు, బడి పంతుళ్లు జీతం తీసుకుని బహిరంగంగా పని చేసిన వాళ్లు గనుక, వారి వారసులను అడిగి, ఒప్పుకున్న వారి పూర్తి పేర్లు వేయండి. అడగకుండా ఒక్క పేరు కూడా వేయకండి. ఫొటోలు తీసేటప్పుడు ఫ్లాషు వద్దు, కిటికీ పక్కన పగటి వెలుగు చాలు. చిల్లి పడిన పేజీ వెనుక తెల్ల కాగితం పెడితే అక్షరం ఆకారం తెలుస్తుంది. ప్లాస్టిక్ లామినేషను మాత్రం ఎవరు చెప్పినా చేయించవద్దు.

గుండ్లకమ్మ_గట్టు
కట్టడం గురించి కూడా ఒక అధ్యాయం పెట్టండి. మన వైపు చిన్న టౌన్లలో మొదటి చర్చి తాటాకు పాక, అదే వారంలో ఆరు రోజులు బడి. గంట ఉంటే దాని మీద పోతపోసిన అక్షరాలు చదవండి, ఎక్కడ చేశారో, ఏ సంవత్సరమో ఉండవచ్చు.

ధారూర్_బాబు
గంట ఉంది, ఎక్కి చూస్తాను. కట్టడంలో నన్ను ఆకట్టుకున్నది వేరే ఉంది. ప్రసంగ వేదిక మీద తివాచీ తొలగిస్తే కింద టేకు పలకలు, పలకలు లేపితే సిమెంటు తొట్టి, దిగడానికి మెట్లు, బాప్తిస్మం కోసం కట్టించినది. మా మెథడిస్టు చర్చిలో ఒక చిన్న గిన్నె సరిపోతుంది. ఈ తొట్టిలో నీళ్లు నింపగా చూసిన వాళ్లు ఊళ్లో ఇద్దరో ముగ్గురో ఉన్నారు. ఫ్లోరైడు నీళ్ల దేశం, తాగడానికే ట్యాంకరు వచ్చే ఊరు, తొట్టి ఎవరు నింపుతారు? ఎండాకాలం కాకపోతే మోపాడు చెరువుకు బస్సు కట్టించుకుని వెళతారు. ప్రస్తుతం తొట్టిలో క్రిస్మస్ నక్షత్రాలూ, పాత మైకు సెట్టూ ఉన్నాయి.

సూళ్లూరుపేట_లూథర్
నీళ్లు లేని నేలను నిమజ్జనం వాళ్లకూ, మంజీర పారే నేలను చిలకరింపు వాళ్లకూ పంచిన పెద్దమనుషులు ఎవరో గానీ, పటం చూడకుండా పంచారు.

పల్లె_పాస్టరు
నవ్వు వచ్చింది గానీ ఇందులో మీరు రాసుకోవలసిన సంగతి ఉంది. నీటి ఎద్దడి ఉన్న పల్లెలలో బాప్తిస్మాలు వర్షాల తరువాత, చెరువు నిండాకే పెట్టుకునేవారు. మీ రిజిస్టరులో తేదీలను నెలలవారీగా వేరు చేసి చూడండి, ఏ నెలల్లో ఎక్కువ ఉన్నాయో తెలుస్తుంది. వాన పడని సంవత్సరం ఏదో కూడా దొరకవచ్చు.

సభ్యత్వం గురించి ఇంకొక్క మాట. 1962లో ‘సమావేశం’ అనే పేరుతో ఒక సంస్థ ఏర్పడి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ పెట్టిన తెలుగు సంఘాలు దాని గొడుగు కిందికి వచ్చినా, స్థానిక సభ్యత్వ నిర్ణయం స్థానిక సంఘానిదే. కాబట్టి మీ పెద్దలకు రాతపూర్వకంగా సహ సభ్యత్వం కోరుతూ ఒక అర్జీ ఇవ్వండి. దాన్ని సంఘ సమావేశంలో పెట్టమని అడగండి. పాత మినిట్సు పుస్తకంలో ఇలాంటివారిని చేర్చుకున్న నిదర్శనం ఏదైనా ఉందేమో ముందు వెతకండి. రైల్వేలోనో పోలీసులోనో పని మీద వచ్చిన ఇతర మిషన్ల కుటుంబాలు అన్ని ఊళ్లలోనూ ఉండేవి.

ధారూర్_బాబు
అర్జీ సంగతి నాకు తట్టలేదు. మినిట్సు పుస్తకంలో వెతికాను. చాలా ఏళ్ల కిందట బదిలీ మీద వచ్చిన ఒక పోస్టుమాస్టరు కుటుంబాన్ని, ‘లూథరను మిషను వారు, చిలకరింపు పొందినవారు’ అని రాసి మరీ, ‘ప్రభువు బల్లలో పాలు గలవారిగా, ఓటు లేనివారిగా’ చేర్చుకున్నారు. కింద పెద్దల సంతకాలున్నాయి, ఇద్దరు వేలిముద్ర వేశారు. అర్జీతో ఆ పేజీ జిరాక్సు జతచేసి ఇచ్చాను. సంఘ సమావేశం కోత పండుగ తరువాత.

సూళ్లూరుపేట_లూథర్
మా వాళ్లే దారి వేశారన్నమాట. ఆ పేజీని చరిత్రలో రంగుల్లో అచ్చు వేయండి.

పొదిలి_పిల్ల
ఓటు లేకుండానా? అంగీకరించకండి.

పాత_రికార్డు
బాబు గారూ, ఒక బేరం. మా పొదిలి వైపు నివేదికల ప్రతులు నా దగ్గర ఉన్నాయి, మీ ఊరి ప్రస్తావన ఉన్న పేజీలు పంపుతాను. బదులుగా మీ వికారాబాద్ వైపు కాన్ఫరెన్సు మినిట్సు పాతవి దొరికితే ఒక సెట్టు నాకు చూపించండి. బాప్టిస్టులు బదిలీ చేయని పాస్టర్లను మెథడిస్టులు ఎన్నేళ్లకు ఒకసారి బదిలీ చేశారో లెక్క తీయాలని ఎప్పటి నుంచో ఉంది.